పదిహేనో అక్షరం తర్వాత

మా టైపు సార్ పోయారు. మోత్కూర్ నుంచి వాళ్ల చిన్నమ్మాయి ఫోను చేసి చెప్పింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత మిత్రులు అడిగారు. మంచి మాటలకు కరువు లేదు. కానీ నేను చేసిన చెడ్డ పని చెప్పకుండా అవి రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఎనభైల్లో నల్గొండలో ఆయన దగ్గర టైపు నేర్చుకున్నాను. వెనక నిలబడి "వేళ్లు ఉరుకొద్దు బేటా, కన్ను ముందుగాల పోవాలె" అనేవారు. తప్పు కొడితే తిట్టేవారు కాదు. కాగితం తీసేసి కొత్తది ఎక్కించేవారు. అంతకంటే రెండు తిట్టినా బాగుండుననిపించేది.

తొంభైల చివరికి టైపు మిషన్ల కాలం అయిపోయింది. ఓ ప్రైవేటు కాలేజీ ఆయన్ని కంప్యూటర్ గదికి ఇన్‌చార్జిగా పెట్టుకుంది, నన్ను ఆయన చేతికింద. యాభై దాటిన ఆ మనిషి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని లినక్స్ అనే కంప్యూటర్ సిస్టం నేర్చుకున్నారు. డిగ్రీ ఉందని నాకు మహా గీర. ఏదైనా అడిగితే "అది మీకు కష్టం సార్" అనేవాణ్ణి. వారం తిరక్కుండానే ఆ సంగతి ఆయనే నాకు చెప్పేవారు. ఇవాళ నేను తినే తిండి ఆయన నేర్పిన పనిదే.

అంతకుముందెప్పుడో ఆయన తాలూకా ఆఫీసులో చేశారు. అక్కడ ప్రతి కాగితాల కట్ట మీద ముందు ఊరి పేరు, తర్వాత పని పేరు రాసేవారట. మేం రాసే ప్రోగ్రాంలకూ అదే వరస పెట్టారు. ముందు నల్గొండ, తర్వాత మార్క్స్, ఆ తర్వాతే అసలు పేరు. మార్కుల పట్టిక అచ్చువేసే ప్రోగ్రాం ఆయనది. మార్కులకు నకలు తీసి దాచే ప్రోగ్రాం నాది. రోజుకోసారి దానంతటదే నడిచేలా పెట్టి, ఎవరికీ చెప్పక, నేనూ మరిచిపోయాను.

పరీక్ష ఫలితాల ముందు, మార్కులుండే మెషిన్‌లో సార్ ఒక కాపలా ప్రోగ్రాం పెట్టారు. అనుమతి లేకుండా మార్కుల ఫైలును ఏ ప్రోగ్రాం తెరిచినా హెచ్చరిక వస్తుంది. అందులో ప్రోగ్రాం పేరు పదిహేను అక్షరాల దాకానే పడుతుంది, మిగతాది తెగిపోతుంది. ఇంగ్లీషులో రాస్తే నల్గొండ, మార్క్స్, వాటి వెంట గీతలు కలిపి సరిగ్గా పదిహేను; అసలు పేరు పడదు కాబట్టి ఆయన ప్రోగ్రామూ నాదీ ఒకేలా కనిపిస్తాయి. పేరు పక్కన ఒక నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని పోతే ప్రోగ్రాం ఎవరు నడిపారో తేలుతుంది. అదీ సార్ నేర్పిందే. "పేరుతోని పంచాయితీ వెట్టొద్దు, మనిషిని పిలువు" అనేవారు.

మర్నాడే హెచ్చరిక వచ్చింది. తెగిన పేరు చూసి, మార్కులంటే సార్ ప్రోగ్రామే అనుకున్నాను. నంబరు వెతకలేదు. ఆయన్ని అడగనూ లేదు. హెచ్చరిక అచ్చుతీసిన కాగితం పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయి, నలుగురు లెక్చరర్ల ముందు చెప్పాను. ఆ పెద్దమనిషి ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. సార్‌ని పిలిపించాడు.

"ఫలితాలు రాకముందే మార్కులు తెరుస్తున్నరట, ఏంది సార్ గిది?"

"నేను తెరువలే. జర టైం ఇయ్యుండ్రి, సూసి చెప్త."

"మీ శిష్యుడే చెప్తుండు గద, ఇంకేం సూస్తరు?"

సార్ నావైపు చూశారు. నేను కాగితం వైపు చూశాను. ఆ పూటే ఆయన పాస్‌వర్డ్ తీసేసి, ముందు గదిలో అడ్మిషన్ ఫారాలు సరిచూసే పనికి పంపారు.

మరుసటి రోజు హెచ్చరిక మళ్లీ వచ్చింది. ఇప్పుడు వాటిని చూసేది నేనొక్కణ్ణే. అప్పుడు వెతికాను నంబరు. నా పేరే తేలింది. నా ప్రోగ్రాం ఆపేశాను, నోరు మాత్రం విప్పలేదు. "ముసలాయనను పక్కకు వెట్టినంక బందయినయి సూడు" అన్నారు కాలేజీలో. నేను తలూపాను. రాస్తుంటే సిగ్గుతో ప్రాణం పోతోంది.

ఓ శుక్రవారం నమాజు చేసొచ్చి, సార్ చాయ్ దుకాణంలో నా పక్కన కూర్చున్నారు.

"బేటా, గా నంబర్ సూసినవా?"

"చూసిన సార్. మీదే."

"మంచిది" అన్నారు. ఎప్పటిలాగే తన చాయ్‌లో సగం నా గ్లాసులో వంపారు. ఆ సంవత్సరం అయిపోగానే మోత్కూర్ వెళ్లిపోయారు. మళ్లీ నేను ఆయన గడప తొక్కలేదు.

పోయాకే వెళ్లాను. వాళ్లావిడ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది.

"మీ సార్ నీ ముచ్చట తీస్తుండె. వాడు ఒకనాడు వస్తడు, నాకొకటి చెప్తడు అంటుండె. ఏం చెప్పేదుండె బిడ్డా?"

చెప్పాను. కంప్యూటర్ సంగతులు ఆమెకు తెలియవు. అయినా మధ్యలో ఆపకుండా విన్నది. కొంగుతో మొహం తుడుచుకుని, వాకిట్లో కూర్చున్న అల్లుళ్లను, చుట్టాలను, పక్కింటివాళ్లను లోపలికి పిలిచింది.

"ఆయన ఇజ్జత్ నలుగురిల పోయింది బిడ్డా. గీ మాట నలుగురు వినాలె. మళ్ల మొదటికెళ్లి చెప్పు."

వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చాప మీద సర్దుకుని కూర్చున్నారు. చిన్నమ్మాయి చంకలోని బిడ్డను ఊరుకోబెడుతూ తలుపు పక్కన ఆగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.