శుభలేఖలో కిటికీ

ఇవాళ ఒక శుభలేఖ వచ్చింది. పేర్లు చదవకముందే నా చెయ్యి కత్తెర కోసం వెళ్లింది. నేను టీచర్ని. మా క్లాసులో పేజీ మీద చూపు నిలవని పిల్ల ఒకతి ఉంది.

బందరులో రోల్డ్ గోల్డ్ పని ఇళ్లలో పెరిగినవాళ్లూ, గుర్తుందా? చెవి కమ్మకి రాళ్లు అతికించేటప్పుడు చూపు చెదరకుండా అమ్మావాళ్లు మిగతా కమ్మల మీద గుడ్డ కప్పేవారు. చిన్నప్పుడు నాకేమో లెక్కల పుస్తకం తెరిస్తే పేజీ మొత్తం ఒకేసారి మీద పడేది, ఒక్క లెక్కా పూర్తయ్యేది కాదు. అమ్మ పాత శుభలేఖ ఒకటి తీసి, ఒక్క లెక్క కనపడేంత కిటికీ కత్తిరించింది.

"ఇందులో కనపడిందే చెయ్యి. మిగతావి లేవనుకో" అంది.

పరీక్షలో అది చూసి లెక్కల మాస్టారు కాపీ చీటీ అనుకున్నారు. లాక్కుని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పారు.

"ఏంటమ్మా ఇది?"

"కిటికీ అండీ. ఒక్క లెక్కే కనపడుద్దండీ."

నా ప్రశ్నపత్రం మీద పెట్టి, కిటికీని ఒక్కో లెక్క మీదికి జరిపి చూసి, తిరిగి ఇచ్చేశారు. ఆ పరీక్షలో మొదటిసారి చివరి లెక్క దాకా వెళ్లాను.

మర్నాడు మాస్టారు నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"మీ ఇంట్లో ఇంకో శుభలేఖ ఉందా అమ్మా? మా అమ్మాయికి."