కూర్చుంది కానీ కనిపించలేదు

సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే పనిలో ఉన్నప్పుడు, కంట్రోల్ రూములో ఒక ఖాళీ పడింది. డ్రోన్ తీసిన ఫోటోల లింకు పంపి, వాటిలో పాడైన ప్యానెళ్లను గుర్తించి, మర్నాడు సాయంత్రం ఐదులోగా రిపోర్టు తెచ్చినవాళ్లకే ఆ పని అన్నారు. ఎండలో బ్రష్షు పట్టి పట్టి నా భుజం అప్పటికే లేవడం లేదు. కానీ నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఫోటోలకు చోటు లేదు.

పొద్దున్నే పావగడలో అంగడికి వెళ్లి, ల్యాప్‌టాప్‌లో చోటు పెంచే ఎస్సెస్‌డీ కొన్నాను. వేలెడంత సన్నటి కార్డు.

"నీ ల్యాప్‌టాప్ యా మోడలప్పా?" అంది అంగడామె.

చూసుకుని రాలేదని చెప్పడానికి సిగ్గేసింది. "ఇట్లాంటి కార్డుకు స్లాటు ఉండాదిలేక్కా" అన్నాను.

రాయచెర్లులో ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పాను. కార్డు స్లాటులో చక్కగా కూర్చుంది. ఆన్ చేస్తే పాత డిస్కు ఒక్కటే కనిపించింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. నాలుగోసారి స్క్రూ జారిపోతే, నా భార్య, నేను నేలంతా తడుముకున్నాం.

"బాగనే కూచునింది కదా, ఎందుకు కనపడలే?" అంది ఆమె.

"తెలిస్తే చెప్పనా!" అని అరిచాను.

ఆమె ల్యాప్‌టాప్ అడుగునున్న మోడల్ నంబరు ఫోన్లో కొట్టింది. "ఈడ చూడు. ఈ స్లాటుకు సాటా రకం కార్డే పనిచేస్తాదంట. నువ్వు తెచ్చింది ఎన్‌వీఎంఈ రకం. కూచునేదానికి రెండూ కూచుంటాయంట."

అంగడికి ఫోన్ చేశాను. "సాటాది ఇప్పుడు లేదప్పా, తెప్పియ్యల్ల. రెండు దినాలైతాది. అందుకే మోడల్ అడిగితిని."

అప్పటికి మధ్యాహ్నం రెండయింది. చోటు చేయడానికి తీసేద్దామంటే పాత డిస్కులో పెద్దది మా పెళ్లి వీడియో ఒక్కటే. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవులో అది పట్టలేదు, వేరే కాపీ లేదు. నేను మౌస్ పట్టుకుని కూర్చుండిపోయాను.

"తీసెయ్" అంది ఆమె.

తీసేశాను. ఫోటోలు ఎక్కాయి గానీ, పాత డిస్కు ఒక్కో ఫోటో తెరవడానికి నిమిషాలు తీసుకుంది. సగం రిపోర్టుతో బైక్ మీద కంట్రోల్ రూముకు ఉరికాను. ఐదూ ఇరవై అయింది. "అయిపోయిందప్పా, వేరేవాళ్లను తీసుకున్నాం" అన్నాడు సూపర్‌వైజరు.

మర్నాడు మళ్లీ బ్రష్షే. మూడోనాడు అంగడామె సాటా కార్డు మార్చి ఇచ్చింది. పెట్టగానే కనిపించింది. పోయిన వీడియోను వెతికే సాఫ్ట్‌వేర్లు ఎన్ని నడిపినా, దొరికింది రెండు క్షణాల మేళం చప్పుడే. బొమ్మ లేదు.

నా భార్య ఆ వీడియో మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తేది నేనే.