మోగని హారన్

మూడు సార్లు హారన్ కొట్టానని నేను చెప్పిన మాట నాలుగేళ్లుగా నా గొంతులోనే ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. అన్నం తినేటప్పుడు, బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పించేటప్పుడు, ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నప్పుడైతే మరీ ఎక్కువగా, అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం చెప్పను. ఆ ధైర్యం ఇప్పటికీ లేదు.

మాది మోత్కూర్‌కు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. మా ఆయన చీరలు నేస్తాడు. నేను మోత్కూర్‌లో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతాను. కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు కొన్నాళ్లు సగం జీతమే అన్నారు. సరేనన్నాం. అదే ఏడాది పెట్రోలు వంద దాటింది. పొద్దున మా ఊరికి వచ్చే బస్సు కరోనాలో ఆగిపోయి మళ్లీ రాలేదు. ఆటోవాళ్లు డీజిలు పేరు చెప్పి కిరాయి పెంచారు. పెంచినా, పది మందిని కుక్కితే తప్ప కదిలేవారు కాదు. ఒక వారం మా తమ్ముడి సైకిలు తొక్కాను. చీర చైనులో పడి చిరిగింది. బడికి చేరేసరికి జాకెట్టు చెమటతో తడిసి ముద్దయ్యేది. హెడ్‌మాస్టరు చూసిన చూపు చాలు.

చివరికి ఇంట్లో ఉన్న పాత స్కూటీయే గతి అయింది. మా ఊరి ఎస్తేరు అదే బడిలో చిన్నపిల్లల తరగతి చూసేది. ఆమెను వెనక కూర్చోబెట్టుకునేదాన్ని, పెట్రోలు ఇద్దరం చెరిసగం పోయించుకునేవాళ్లం. నన్ను అక్కా అనేది. బండి కదిలే ముందు కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకునేది.

ఆ ఉపాయం నాకు చెప్పింది పెట్రోలు బంకులో పనిచేసే ఒకతను. దిగుడు వచ్చినప్పుడు తాళం తిప్పి బండి బంద్ చెయ్యమన్నాడు. చుక్క ఖర్చు లేకుండా అదే జారుతుందన్నాడు. మా దారిలో అలాంటి దిగుళ్లు రెండున్నాయి. పెద్దది గుట్ట పక్కనుంచి మొదలై వాగు మీది వంతెన దాకా పోతుంది. మొదటిసారి భయపడుతూ చేశాను. తర్వాత అలవాటైంది. అలవాటు కూడా కాదు, ఇష్టమైంది. ఇంజను చప్పుడు ఆగిపోయి, చెవుల్లో గాలి ఒక్కటే వినబడుతూ బండి జారుతుంటే, ఎవరినో ఓడించినట్టు ఉండేది. ఎవరిని ఓడించాను? ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రాదు.

బండి బంద్ ఉంటే హారన్ కూడా మోగదు కదా అని ఎస్తేరు ఒకరోజు అడిగింది. ఈ దారిలో ఎవరుంటారులే అన్నాను.

ఉండేవాడు. మల్లయ్య తాత ఉండేవాడు. దిగుడుకు దగ్గరలోని ఊరే ఆయనది. ముప్పై గొర్రెల దాకా ఉండేవి. మేం బడికి పోయే వేళకు ఆయన వాటిని తోలుకుని వాగు వైపు పోతుండేవాడు. మాకు పలకరింపులు లేవు. బండి చప్పుడు దూరంగా వినబడగానే, వెనక్కి తిరిగి చూడకుండానే గొర్రెలను పక్కకు జరిపేవాడు. ఇంజను ఆపడం మొదలుపెట్టకముందు అది నేను ఎన్నోసార్లు చూశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు.

దసరా సెలవులకు ఇంకో వారం ఉంది. రాత్రి వాన పడి రోడ్డు తడిగా ఉంది. గుట్ట దగ్గర అలవాటు ప్రకారం తాళం తిప్పాను. బండి జారింది. మలుపు తిరగగానే కొంత దూరంలో గొర్రెలు రోడ్డు దాటిపోతున్నాయి. తాత వాటి వెనక, మాకు వీపు పెట్టి, రోడ్డు అంచున నడుస్తున్నాడు. భుజాన గొంగడి ఉంది. ఒక గొర్రెపిల్ల ఇవతలే ఉండిపోయి సన్నగా అరిచింది. ఆయన ఆ అరుపు విన్నాడు. విని, దానికోసం చటుక్కున రోడ్డు మధ్యకు అడుగేశాడు.

బొటనవేలితో హారన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. నోరు తెరిచి అరవాలని తోచలేదు. బ్రేకు వేస్తే తడిలో వెనక చక్రం పక్కకు జారింది. ఎస్తేరు నా భుజాలు గట్టిగా పట్టుకోవడం తెలుసు. తర్వాత ముగ్గురం రోడ్డు మీద ఉన్నాం.

నా మోచేయి గీసుకుపోయింది. ఎస్తేరుకు మోకాలు పగిలింది. తాత లేవలేకపోతున్నాడు. కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. ఆయన అరవలేదు, పళ్లు బిగబట్టి మూలుగుతున్నాడు. పక్క చేలోంచి ఇద్దరు మనుషులు పరుగెత్తుకొస్తున్నారు.

ఇక్కడికి రావడానికే నాకు నాలుగేళ్లు పట్టింది. నేను లేచాను. లేవగానే నా చెయ్యి పోయింది ఆయన వైపు కాదు, బండి తాళం వైపు. వంగి తాళం తిప్పాను. వాళ్లు వచ్చేలోపు బండి ఆన్‌లో ఉండాలి. అంత నొప్పిలో, అంత గాబరాలో ఆ సంగతి ఎలా తోచింది నాకు? తల ఎత్తితే ఎస్తేరు నన్నే చూస్తోంది.

హారన్ కొట్టలేదా అని వచ్చినవాళ్లలో ఒకాయన అడిగాడు. కొట్టాను అన్నాను. అంతటితో నేను ఊరుకోలేదు. మూడు సార్లు కొట్టాను, ఆయన వినలేదు అన్నాను. మూడెందుకు? ఒక్కసారి అంటే అబద్ధంలా వినిపిస్తుందని భయం. నాకు లైసెన్సు లేదు. బండికి ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. కేసైతే ఉద్యోగం పోతుంది, మా ఆయన మగ్గం ఒక్కటి ఇల్లు గడపలేదు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెబితే అదీ అబద్ధమే. భయమే నా చేత చెప్పించిందని రాయబోయి ఆగాను. భయం తాళం తిప్పదు. తిప్పింది నేను.

తాతకు తుంటి ఎముక విరిగింది. భువనగిరిలో ఆపరేషను చేసి కడ్డీ వేశారు. మూడో రోజు వాళ్ల ఊళ్లో పెద్దమనుషులు కూర్చున్నారు. టీచరమ్మ అబద్ధం ఎందుకు చెబుతుంది, ముసలాయనకు డెబ్బై దాటాయి, చెవులు మందగించి ఉంటాయి అని తేల్చారు. పోలీసుల దాకా పోవద్దన్నారు. ఎస్తేరును అడిగారు. నాకు యాది లేదని ఆమె తల దించుకుంది. తాత కొడుకు యాదగిరి నెమ్మదైన మనిషి, నాతో ఒక్క మాట కఠినంగా అనలేదు. దవాఖాన ఖర్చు కోసం సగం గొర్రెలు అమ్మాడు. చెవులు వినబడని మనిషిని రోడ్డు మీదికి ఎట్లా పంపుతామని, కొద్దిరోజులకు మిగతా సగమూ అమ్మాడు.

తాతను ఇంటికి తెచ్చాక రొట్టె, పండ్లు తీసుకుని చూడటానికి పోయాం. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ, నాకు లోపలికి రావాలని లేదక్కా అని ఎస్తేరు నా చెవిలో గుసగుసలాడింది. మంచం మీదినుంచి తాత, “రా బిడ్డా, ఏం గాదు, రా” అన్నాడు.

ఆ గుసగుస మంచం దాకా వినబడింది ఆయనకు. ఆయన కోడలు చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. తాత నన్ను దగ్గరికి పిలిచాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో లెక్క తెగని మనిషిలా ఉన్నాడు.

“బిడ్డా, ఒక్క మాట అడుగుత. చీకట్ల గొర్రె దగ్గితె ఏ గొర్రెనో చెప్తుంటి నేను. నీ హారన్ నాకు ఇనవడలె. నిజంగ కొట్టినవా?”



“కొట్టిన తాతా. మూడు సార్లు కొట్టిన.”

ఆయన నా కళ్లలోకి చూశాడు. తర్వాత మెల్లగా తల ఆడించాడు.

“గట్లయితె నా చెవులే పోయినట్టున్నయి. మనిషికి తెల్వకుండనే పోతయేమో.”

అప్పుడైనా చెప్పవచ్చు. గదిలో మేం ముగ్గురమే. చాయ్ వచ్చేదాకా సమయం ఉంది. నేను రొట్టె ప్యాకెట్టు ఆయన పక్కన పెట్టాను.

మర్నాటి నుంచి ఎస్తేరు ఆటోలో వచ్చింది. కిరాయి ఎక్కువైనా సరే. కొన్ని నెలలకు బడి మానేసి చిట్యాల దగ్గర పనికి పోయింది.  బడిలో ఉన్నన్నాళ్లూ ఆమె ఎవరితోనైనా మాట్లాడుతుంటే, ఆ మాటలు వినబడే చోటికి జరిగి నిలబడేదాన్ని. ఇప్పటికీ ఆదివారం ఊళ్లో కనబడితే పక్క గల్లీలోకి మళ్లుతాను.

నేను అదే దారిలో పోతూనే ఉన్నాను. వేరే దారి లేదు. ఇంజను ఆపడం మానేశాను. దిగుడంతా, ఎవరూ లేకపోయినా, హారన్ కొడుతూ పోతాను. తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉండేవాడు. ఇంట్లోవాళ్లు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవారు. ఆయన కాదనలేదు. మొదట్లో మామూలుగా జవాబు చెప్పేవాడట, తర్వాత తర్వాత ఎవరైనా గట్టిగా అరిస్తే తప్ప పలకడం మానేశాడట. తన చెవుల మీద తనకే నమ్మకం పోయింది. పిట్ట కూసినా, గొర్రె అరిచినా, అది నిజంగా వినబడిందో లేదో అనుకున్నాడా? వినబడుతోందని చెబితే నవ్వుతారని భయపడ్డాడా? ఒక మనిషి తుంటి విరగ్గొట్టడం పొరపాటు కావచ్చు. ఇది పొరపాటు కాదు.

ఈ వానాకాలంలో తాత పోయాడు. వాళ్లింటికి పోయి చూసి వచ్చాను. పోకపోతే అనుమానిస్తారేమోనని పోయాను, అదీ నిజమే. యాదగిరి నన్ను చూసి లేచి నా దగ్గరికి వచ్చాడు. నువ్వు మనసుల ఏం పెట్టుకోకు టీచరమ్మా, మా నాయినకు చెవులు ఇనవడకుండె, అండ్ల నీ తప్పేం లేదు అన్నాడు. తండ్రి శవం పక్కన నిలబడి నన్ను ఓదార్చాడు. నేను తల ఊపాను. అవునన్నట్టు ఊపాను.

యాదగిరికి ఎప్పుడు చెబుతారని మీరు అడుగుతారు. నాకు తెలియదు. పొద్దున లేస్తూ ఇవాళ చెబుతాననుకుంటాను. వాళ్ల ఇంటి దగ్గర ఆపాలనుకుంటాను, బండి ముందుకే పోతుంది. చెప్పకుండానే చచ్చిపోతానేమోనని భయం. చెబితే ఎట్లా బతకాలని ఇంకో భయం.

అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను. నేను హారన్ కొట్టలేదు. బండి బంద్ ఉంది. మల్లయ్య తాత చెవులు బాగానే ఉన్నాయి.

 రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. నిన్నటిదాకా ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ ఎస్తేరూ. ఇప్పుడు మీకు కూడా తెలుసు.