తిట్లన్నీ డ్రమ్ముకే

జాల్యాకు తిట్లు తినడమంటే మహా ఇష్టం. మామూలు మనిషి మెచ్చుకోలు కోసం ఫోన్ తెరుస్తాడు. ఇతను తిట్లు వెతుక్కుంటాడు. దొరికినవి నలుగురికీ చదివి వినిపించనిదే టీ గొంతు దిగదు.

‘పల్లేరు’ రాక్ బ్యాండులో అతను డ్రమ్మరు. తొలి ఆల్బమ్ ‘ఆఖరి బస్సు’ విడుదలైనప్పటి నుంచీ మానుకోట స్టేషన్ ఎదుటి టీ కొట్టులో రోజూ దాని కింద జనం రాసిన కామెంట్లతో ఇదే పారాయణం.

“ఇనుండ్రి! ‘డ్రమ్ము గిట్లున్నదేంది? రేకుల షెడ్డు మీద కోతులు కొట్లాడుకున్నట్టున్నది!’”

“నిజమే గద,” అనేవాడు గిటారు వాయించే మహిపాల్.

“నిజం గాబట్టే సదువుతున్న. ఇంకోటి. ‘ఈ డ్రమ్మోన్ని పత్తి మిల్లుల పడేయుండ్రి.’ ఎంత మంచిగ రాసిండో!”

టీ కొట్టు సాయిలు జాలిపడి అతని ముందు ఒక సమోసా ఊరికే పెట్టేవాడు. “తిను కొడుకా. జర మెల్లగ కొట్టరాదు?”

పాడే ఉమ నవ్వేది. అన్న పోయాక ఆమె నవ్వేది ఆ కాసేపే.

ఆ పాటలన్నీ ఆమె అన్న కల్యాణ్ రాసి, వరస కట్టినవి. జనగామ స్టూడియోలో వాయిద్యాలన్నీ రికార్డయ్యాయి. తన గొంతు ఇవ్వడానికి బండి మీద వస్తూ కల్యాణ్ బొగ్గు లారీ కింద పడ్డాడు. దినాలు కాగానే ఉమను మైకు ముందు నిలబెట్టారు. స్టూడియో కింద వెల్డింగ్ దుకాణం. దాని మోత ఆగితే ఆమె ఏడ్చేది, ఆమె ఏడుపు ఆగితే అది మొదలయ్యేది. మధ్యలో దొరికిన సందుల్లోనే ఆల్బమ్ పూర్తయింది.

“అన్న పాటను నా గొంతు ఖరాబు చేసిందని ఒక్కరన్నా, మళ్ల మైకు ముట్ట,” అని ఆ రోజే చెప్పేసింది. అట్ట మీద అన్న ముఖం ఉందని ఫోన్‌లో ఆల్బమ్ పేజీ తెరిచేది కాదు. చదివి చెప్పేది జాల్యానే.

“నిన్ను ఒక్కరు గూడ అంటలేరు చెల్లె. ‘పానం వెట్టిన్రు’ అని రాసిన్రు. అందరు నా మీదనే పడ్డరు, పరేషాన్ ఐతున్న!” అనేవాడు, మొహం వెలిగిపోతుండగా.

భూపాలపల్లి ఫంక్షన్ హాల్లో వాళ్ల మొదటి కచేరీ. ఉమ స్టేజీ ఎక్కబోతుంటే కాలేజీ పిల్లవాడొకడు అడ్డం వచ్చాడు.

“అక్కా, మాఫ్ చెయ్యి. కోతులు కొట్లాడుకున్నట్టున్నదని నీ గొంతు గురించి రాసింది నేనే. మీ అన్న సంగతి అప్పుడు తెల్వది.”

ఉమ వెనక్కి తిరిగింది. జాల్యా డ్రమ్ము బిగిస్తున్నట్టు నటిస్తూ, ఎప్పుడో బిగిసిన మరనే తిప్పుతున్నాడు.

“పత్తి మిల్లుల పడేయమన్నది?” అని అతన్ని అడిగింది.

“గదీ... నిన్నే.”

“మరి పానం వెట్టిన్రన్నది?”

“డ్రమ్మును. మెచ్చుకుంటె నాకు అరగదు చెల్లె.”

“ఒక్కరన్నా మైకు ముట్టనన్న గద అన్నా!”

“అన్నవ్. గందుకే ఒక్కన్ని గూడ అననియ్యలే.”

లోపల జనం ఈలలు వేస్తున్నారు. ఉమ చాలాసేపు మైకు వంక చూసింది. తరవాత తీసుకుంది. అన్న రాసిన చివరి చరణంలో గొంతు జీరపోయింది. వెనక డ్రమ్ము ఒక్క క్షణం ఆగి, ఆమె అందుకునేదాకా కాచుకుని, మళ్లీ కదిలింది. కోతుల పిల్లవాడు చివరిదాకా కూర్చున్నాడు.

మర్నాడు టీ కొట్టులో ఉమ ఫోన్ అడిగి తీసుకుంది. అట్ట మీద అన్న ముఖాన్ని కాసేపు చూసుకుంది. తన గొంతు మీది తిట్లూ చదువుకుంది. గొంతు సవరించుకుని, “ఇనుండ్రి,” అంది. “‘గిటారు ఇంటుంటె పాత కొడవలి సాన వట్టినట్టున్నది.’”

మహిపాల్ చేతిలో టీ ఒలికింది. “ఏందీ? ఇన్నొద్దులు నన్నెవ్వరు ఏమనలే గద!”

“ఇయ్యాల్నే మొదలువెట్టిన్రు, అన్నా.”

సాయిలు జాల్యా ముందున్న సమోసా తీసి, మహిపాల్ ముందు పెట్టాడు.