పేగుకూ నాలుకుంది

మా బాబాయికి నాలుకంటే గిట్టదు. నోట్లో ఉన్న నాలుకకు ఏమీ తెలియదనీ, అసలు రుచి చూసేది చిన్నపేగేననీ ఆయన వాదం. కాలేజీలో శరీరశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. పాఠం మాత్రం రిటైరవలేదు.

ఆయన ముందు కాఫీ బాగుందన్నామా, దొరికిపోయినట్టే. "బాగుందని ఎవరు చెప్పారు? నాలుకా? అది గేటు దగ్గర వాచ్‌మన్. లోపల పేగు చక్కెరను పసిగట్టాలి, గ్లూకోజు లోపలికి రావడానికి ఇంకొన్ని తలుపులు పెట్టించాలి. అప్పుడే బాగున్నట్టు."

ఓసారి సెలూన్లో మొహం నిండా నురగతో ఇదే ఎత్తుకున్నాడు.

"కదలకండి మాస్టారూ, కత్తి గొంతు మీదుంది."

"గొంతుదేముందయ్యా, పేగు ముఖ్యం."

అప్పట్లో పిన్ని పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వడం లేదు. జబ్బుకిచ్చిన మందులు ఆమె నాలుకను చంపేశాయి. ఏది పెట్టినా మట్టి నమిలినట్టుందని మొహం తిప్పేస్తుంది. మనిషి సగమైంది. తిండి ఆగితే తాము చేయగలిగిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పేసింది. ఆశ వదులుకున్నాను.

మొన్న మధ్యాహ్నం వెళ్లేసరికి ఆమె మంచం పక్కన అదే పాఠం. ఆమె ముందో జావ గిన్నె, ఆయన ఒళ్లో ఇంకోటి.

"నాలుక పోతే పోనీ. పేగులోనూ తీపి కనిపెట్టే కణాలున్నాయి. నువ్వేమీ పంపకపోతే అది తలుపులు తగ్గించేసుకుంటుంది. ఒక్క చెంచా."

"మట్టిలా ఉందండీ."

"నాకూ అంతే. నేను తినడం లేదూ?"

నాకు ఒళ్లు మండింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి దగ్గర కూడానా ఈ గోల? ఆయన నీళ్లకని లేవగానే ఆయన గిన్నెలోది కాస్త నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు, చక్కెర లేదు. కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేసే మనిషి.

వంటగదిలో నిలదీశాను. "ఏంటి బాబాయ్ ఇది?"

"మీ పిన్నికి అబద్ధం చెప్పలేను కదరా. 'నాకూ అంతే' అంటే, అంతే అయ్యుండాలి."

"ఎన్నాళ్లిలా?"

"తనకి రుచి తెలిసేదాకా."

"తెలియకపోతే?"

ఆయన కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాడు.

నేను గదిలోకి వచ్చేసరికి పిన్ని దగ్గరకు రమ్మని సైగ చేసింది.

"ఆయన గిన్నెలో ఉప్పులేదని నాకు తెలుసురా. మింగేటప్పుడు ఆయన మొహం చూశావా? నేను తింటేగానీ ఆయన మళ్లీ మనిషి తిండి తినేలా లేడు. గబగబా ఓ చిటికెడు ఉప్పు కలుపు అందులో. చెప్పకు."

మంచం పక్కనున్న ఉప్పుడబ్బాలోంచి తీసి కలిపాను. పిన్ని తన గిన్నెలోంచి చెంచా నింపుకుని నోటి దగ్గర పెట్టుకుంది. ఆయన మొహం చూడాలని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.