ముళ్లపంది కోసం వేసిన స్టూళ్లు

మా బావకు ఒకే ఒక్క జబ్బు. ఎదుటి మనిషిని మనిషిగా ఉండనివ్వడు. పరిచయమై పట్టుమని అయిదు నిమిషాలు కాకముందే, "మీరే కుందేలైతే ఇక్కణ్ణుంచి ఎటు వెళ్తారు?" అని అడిగేస్తాడు.

మా అక్కను మొదటిసారి ఒక హోటల్లో కలిసినప్పుడూ ఇంతే. కాఫీ రాకముందే, "మీరే నక్క అయితే ఇందులోంచి ఎలా బయటపడతారు?" అన్నాడట. అక్క ఆలోచించకుండా వంటగది తలుపు చూపించింది.

"ఆ క్షణంలోనే ఖాయం చేసుకున్నాను" అంటాడు బావ.

"నేను నిజంగానే పారిపోదామని చూశానురా" అంటుంది అక్క.

ఆయన ఉద్యోగం జంతువుల దారులు వెతకడం. ఒక అడవికీ ఇంకో అడవికీ మధ్య పొలాలూ రోడ్లూ గోడలూ వచ్చిపడితే, ఇటున్న జంతువు అటు ఎలా చేరుతుందన్నదే ఆయన పరిశోధన. ఆ పరిశోధన జీపుకి నేను డ్రైవర్ని. చదువు నాకు అబ్బలేదు గానీ, స్టీరింగు పట్టుకుని వినడం బాగా అబ్బింది. ఆయనేమో ఎవరైనా వింటుంటే ఆగే మనిషి కాదు. మా జోడీ అలా కుదిరింది.

ఒకసారి రోడ్డు మధ్యన కాంక్రీటు గోడ కట్టిస్తున్న ఇంజినీరుగారి దగ్గరికి వెళ్లాం. బావ కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"సార్, మీరే కుందేలైతే..."

"నేను ఇంజినీరునండీ!"

"ఆ సంగతి కుందేలుకు తెలియదు కదండీ."

మమ్మల్ని బయటికి పంపించేశారు. అయినా ఆ ఇంజినీరుగారు వారం తిరక్కుండా ఫోను చేసి, "గోడ కింద సందు ఎంత ఉండాలి?" అని అడిగాడు. రాత్రి కలలో చెవులు పొడుగయ్యాయేమో!

నోటితో అడిగి ఊరుకుంటే దండం పెట్టొచ్చు. తానే జంతువై చూపిస్తాడు. రోడ్డు కింద తూముల్లోకి మోకాళ్ల మీద పాక్కుంటూ దూరతాడు. ఓరోజు ఆయన లోపలుండగా గస్తీ పోలీసాయన బండి ఆపాడు.

"ఎవరయ్యా లోపల?"

"నక్కనండీ!" అని తూములోంచి జవాబు.

పోలీసాయన నాకేసి చూశాడు. "మా బావండీ" అన్నాను. జాలిగా నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా మా అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మా నేనూ అక్కావాళ్లింట్లోనే ఉంటాం. ఎముక అతికింది, నొప్పి తగ్గింది. "ఇక హాయిగా నడవొచ్చమ్మా" అన్నాడు డాక్టరు. కానీ అమ్మ చేతికర్ర పట్టుకుని గేటుదాకా వచ్చేది, వీధి ఆ చివరికి ఒకసారి చూసేది, వెనక్కి తిరిగేది. ఆ చివర ఉంది ఆవిడ ప్రాణస్నేహితురాలు. బతుకంతా బట్టలు కుట్టిన మనిషి కనుక అందరికీ మిషను పిన్ని. పిన్నికి చెవులు వినపడవు, ఫోను పనికిరాదు. మంచం పట్టిన మొగుణ్ణి వదిలి ఆవిడ గడప దాటలేదు. పెదవులు చూసి మాట పోల్చుకునే మనిషితో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లి కూర్చోవలసిందే. అమ్మ వెళ్లకపోతే ఆ స్నేహం అంతే.

"జీపులో దింపుతానమ్మా" అన్నాను.

"నేనేం సామానునా, ఎక్కించి దింపడానికి?"

"చక్రాల కుర్చీ తెప్పిద్దాం" అంది అక్క.

"దాన్లో నువ్వు కూర్చో. నేను తోస్తాను."

రానురాను మాటలు తగ్గించేసింది. గోడవైపు తిరిగి పడుకోవడం నేర్చింది. ఇల్లంతా దిగులు పడుతుంటే మా బావ మాత్రం గేటు దగ్గర చతికిలబడి, మట్టిలో అమ్మ చెప్పుల గుర్తులు చూస్తూ కూర్చున్నాడు.

"అంచుదాకా వచ్చి తిరిగిపోయిన అడుగులురా ఇవి" అన్నాడు నాతో. "పొలం గట్టు మీద అచ్చం ఇలాగే కనపడతాయి. జంతువు దూరానికి భయపడదు. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియక భయపడుతుంది. ఒక పొద, ఒక రాళ్లకుప్ప, కాస్త నీడ ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్లిపోతుంది."

"పట్టుకెళ్లి అవతల వదిలేస్తే?"

"అది దాటడం కాదు. మనం దాటించడం. మర్నాడు మళ్లీ మనమే కావాలి."

యథాప్రకారం ఇది కూడా అడవి కబురే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఇంట్లో స్టూళ్లు మాయం కావడం మొదలైంది. ఒకటి కరెంటు స్తంభం పక్కన తేలింది. ఒకటి ఇస్త్రీబండి నీడన. ఇంకొకటి ఎవరిదో ప్రహరీ వారన. నా జీపులో నేను భోంచేయడానికి దాచుకున్న ముక్కాలిపీట కూడా పోయింది. అది చాలదన్నట్టు బావ చేతికర్ర పట్టుకుని వీధంతా కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ సుద్దతో గీత గీస్తాడు. పక్కింటావిడ మందుసీసా పట్టుకొచ్చి, "కాలికి ఏమైంది నాన్నా?" అంది.

"నాకేం కాలేదండీ. ముళ్లపందికి."

అక్క తల పట్టుకుంది. "ఏమండీ, వీధిలో తలెత్తుకోనివ్వరా? ఊరి నడిమధ్య ముళ్లపంది ఎక్కడిదండీ?"

"ఉంది. ముసలిది. బాగా మొండిది. ముళ్లు కూడా ఎక్కువే" అన్నాడు బావ నిబ్బరంగా.

స్టూళ్ల మీద ముళ్లపంది తప్ప అందరూ కూర్చున్నారు. కూరగాయలామె కూర్చుంది, పిల్లి పడుకుంది, పేపరు చదివేవాళ్లు చేరారు. "చూశావా, మిగతా జీవాలు వాడుతున్నాయంటే దారి పనికొస్తుందన్నమాట" అని బావ మురిసిపోయాడు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నాం. వీధి మలుపులో బావ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు. ఇంజను ఆపేయ్. అలికిడైతే వెనక్కి పోతుంది."

నేను ఊపిరి బిగబట్టి వీధి కాలవ గట్లన్నీ వెతికాను. ముళ్లూ లేవు, పందీ లేదు. గేటు కిర్రుమంది. అమ్మ బయటికొచ్చింది.

స్తంభం దగ్గరి స్టూలుదాకా వచ్చి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. రెండో స్టూలు మీద ఇస్త్రీ ఆయన దర్జాగా కూర్చుని ఉన్నాడు. బావ వేళ్లు నా చేతిలో గుచ్చుకున్నాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కిందేమో, ఆయన తనంతట తనే లేచి బండి దగ్గరికి వెళ్లాడు. అమ్మ కూర్చుంది.

మూడో స్టూలు దాటాక ఒక స్కూటరు రయ్యిమని పక్కనుంచి పోయింది. అమ్మ నడివీధిలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి గేటుకేసి చూసింది.

నేను తలుపు తీయబోయాను. బావ నా చొక్కా పట్టి లాగాడు.

"మనం కనపడకూడదురా." తరవాత నోట్లోనే అన్నాడు, "వెనక కాదు అత్తయ్యగారూ. ముందుకి చూడండి. ముందున్నదే దగ్గర."

అమ్మ ముందుకి చూసింది. అక్కడ నా ముక్కాలిపీట. కర్ర ఠంగుమని తాటించి కదిలింది.

కాసేపటికి వీధి చివర తలుపు తెరుచుకుంది. వినపడని మనిషి వేసిన కేక వీధంతా వినపడింది. ఇద్దరూ ఒకరి గడ్డం ఒకరు పట్టుకుని, ఒకేసారి మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లారు.

బావ చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మరి ముళ్లపందేది బావా?" అన్నాను.

"దాటిందిగా. చూడలేదూ?"

అమ్మకు ఈ సంగతి తెలియదనే మేం అనుకున్నాం. రాత్రి భోజనాల దగ్గర అమ్మ కంచంలోంచి తలెత్తకుండా అంది.

"అల్లుడుగారూ, మీ ముళ్లపందికి మూడో స్టూలు తరవాత ఎడం ఎక్కువైంది. అక్కడింకోటి వెయ్యండి. నడుం నొప్పి కూడా ఉంటుంది పాపం దానికి. వీపు ఆనుకునేదైతే మంచిది."

బావకు పొలమారింది.

మర్నాడు పొద్దున్నే అక్క టిఫిను పళ్లెంతో భోజనాలబల్ల దగ్గర నిలబడి అరుస్తోంది. "నా కుర్చీ ఏదమ్మా? ఎటు పోయింది?"

అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుని, కర్ర అందుకుని, గేటు తీస్తోంది.

"నువ్వే కుర్చీవైతే ఎటు వెళ్తావే?" అంది వెనక్కి తిరక్కుండానే.