తమ్ముడిచ్చిన లివర్‌కు నేను పోసిన పసరు

ఆ రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నోటినిండా రక్తం వచ్చింది. ముంజేతుల మీద, ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు. ఆత్మకూరులో జాకెట్లు కుట్టి బతికేదాన్ని. సూది గుచ్చుకుంటే రక్తం ఆగకపోవడం అప్పటికే వారం నుంచి చూస్తున్నాను.

మా వీధి చివరి క్లినిక్‌లో పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్స్ నలభై రెండు వేలు. డాక్టర్ తల ఎత్తకుండానే డెంగీ అన్నాడు. నాకు జ్వరం లేదు సార్ అన్నాను. కొందరికి రాదన్నాడు. ఇక ఇంటిల్లిపాదీ బొప్పాయి ఆకు రసం పట్టుకుని నా మీద పడ్డారు. ఏడాదిలో మూడుసార్లు నాకు "డెంగీ" వచ్చింది. మూడుసార్లు ప్లేట్‌లెట్స్ ఎక్కించారు, మూడుసార్లూ వారం తిరక్కుండా పడిపోయాయి. ఒక్కరికైనా అనుమానం రావద్దా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి రక్తం కక్కుకున్నాను. నెల్లూరులో ఎండోస్కోపీ, స్కానింగ్ చేశారు. "ఇది డెంగీ కాదమ్మా, సిరోసిస్. లివర్ గట్టిపడింది. దానివల్ల స్ప్లీన్, అదే ప్లీహం, ఉబ్బి ప్లేట్‌లెట్స్‌ను పట్టేసుకుంటోంది," అంది డాక్టరమ్మ. షుగరూ, ఫ్యాటీ లివరూ కారణమట. ఫ్యాటీ లివర్ అని ఐదేళ్ల కిందటి నా రిపోర్టులోనే ఉంది. నేనూ చదవలేదు, చదవాల్సినవాళ్లూ చదవలేదు. పైగా నేను చాటుగా తాగేదాన్నేమోనని బంధువుల గుసగుసలు.

చెన్నైలో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే మా తమ్ముడు తన లివర్‌లో సగానికి పైగా ఇచ్చాడు. బరువులు ఎత్తొద్దన్నారని నెలల తరబడి దుంగ ముట్టలేదు. మూడో నెలకు నా ప్లేట్‌లెట్స్ లక్ష దాటాయి.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఒంటికి రక్తం పడుతుందని మా పెద్దమ్మ ఉదయగిరి కొండ ఆకుల పసరు తెచ్చింది. పెద్దామె మనసు నొప్పించడమెందుకని తొమ్మిది రోజులు తాగాను. కళ్లు పచ్చబడ్డాయి. కొత్త లివర్‌ను ఒళ్లు తోసిపుచ్చకుండా నేను వేసుకునే మందు లెవెల్ రక్తంలో పడిపోయింది, బయాప్సీలో రిజెక్షన్ అని తేలింది. డాక్టర్ అడిగితే ఏమీ తాగలేదని అబద్ధం చెప్పాను. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న పసరు సీసాను తమ్ముడే తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

తర్వాత నా మంచం పక్కకొచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఇంగోసారి ఇయ్యాలంటే నా దగ్గిర లేదు గదక్కా," అన్నాడు.

డాక్టర్ల మీద, బంధువుల మీద అన్నాళ్లు పళ్లు నూరిన నేను ఆ రోజు నన్ను నేనే తిట్టుకున్నాను.

స్టెరాయిడ్స్‌తో లివర్ నిలబడింది. రెండేళ్లయింది. మధ్యాహ్నం దాకా కుట్టుపని చేస్తున్నాను. మీకు నా మాట ఒక్కటే: డాక్టర్‌కు చూపించనిది ఏదీ నోట్లో వేసుకోకండి, ప్రాణమిచ్చే మనిషి తెచ్చినా సరే.

పోయిన నెల పెద్దమ్మ మళ్లీ ఏదో పొడి తెచ్చింది. గుమ్మంలోనే వద్దన్నాను. "నీ మేలుకే గదే," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. అయినా తీసుకోలేదు.